కర్నల్‌గారి ఎడమచేతి గ్లౌజు

ఆ ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ కెలెమెన్ ఆర్పాద్ రాసుకున్న జాబితాలో పదిహేడు పనులున్నాయి. అందులో పదహారు, సాయంత్రం నాలుగింటికి జరగబోయే కత్తిసాము పోటీ ఫైనల్‌కు సంబంధించినవి. మూడో నంబరు పని మాత్రం చాలా చిన్నది. జ్యూరీ అధ్యక్షుడు కర్నల్ దెల్వోగారు నిన్న రాత్రి విందులో కుర్చీ మీద మరిచిపోయిన ఎడమచేతి తెల్ల గ్లౌజును ఆయన దిగిన హోటల్‌కు పంపించాలి.

ఆర్పాద్‌కు యాభై రెండేళ్ళు. జన్మలో కత్తి పట్టి ఎరగడు. అయినా పదకొండు దేశాల కత్తివీరులు బుడాపెస్ట్‌కు వచ్చి దిగిన ఆ అంతర్జాతీయ పోటీకి కార్యదర్శి ఆయనే. ఆరేళ్ళపాటు ఉత్తరాలు రాసి, రాసినవాటికి జవాబు రాకపోతే మళ్ళీ రాసి, పోటీని మా ఊరికి లాక్కొచ్చాడు. జాబితా వేసుకుని, వరసగా టిక్కు పెట్టుకుంటూ పోతే లోకంలో జరగని పనంటూ ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆ రోజు పదిన్నర దాకా చెక్కుచెదరలేదు.

"ఆ హోటలు రెండు వీధుల అవతలే కదండీ. వెళ్తూ వెళ్తూ మీరే ఇచ్చేసి పోరాదూ?" అంది భార్య ఇల్కా, ఆయన నల్లకోటుకు బ్రష్షు కొడుతూ.

"కార్యదర్శినై ఉండి గ్లౌజు పట్టుకుని ఒకరి గది తలుపు కొట్టమంటావా?"

"అయితే పోర్టరుతో పంపండి."

"జ్యూరీ అధ్యక్షుడికి పోర్టరా! మర్యాదంటూ ఒకటి ఏడ్చింది కదా. ఇద్దరు పెద్దమనుషుల్ని పంపుతాను. నల్లకోట్లు వేసుకున్నవాళ్ళని."

"గ్లౌజుకి ఇద్దరెందుకు? అదేమన్నా పియానోనా?"

ఆర్పాద్ గ్లౌజు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఇల్కా అడిగిన మంచి ప్రశ్నలు వేటికీ ఆయన జవాబు చెప్పలేదు.

పోటీ జరిగే హాలు మెట్ల దగ్గర ఆ ఇద్దరు పెద్దమనుషులూ తయారుగానే దొరికారు. ఒకరు కెప్టెన్ బొత్కా. గుర్రపుదళంలో చేసి విరమించినవాడు, అరవై ఎనిమిదేళ్ళు, మీసాలకు మైనం. రెండోవాడు లాయరు రేవాయి. కోర్టులో వాగిన అలసటో ఏమో, బయట నోరు విప్పడు, తలూపుతాడు. "దీన్ని నా తరఫున కర్నల్‌గారికి అందజేసి రండి" అని ఆర్పాద్ గ్లౌజు వాళ్ళ చేతిలో పెట్టి, నాలుగో నంబరు పని చూసుకోవడానికి గబగబా లోపలికి పోయాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నల్లకోట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు పొద్దున్నే గ్లౌజుతో ఒకరి తలుపు కొడితే దాని అర్థం ఏమిటో మా ఊళ్ళో పాలమ్ముకునే ఆవిడకు కూడా తెలుసు. అది ద్వంద్వయుద్ధానికి పిలుపు. ఆర్పాద్‌కూ తెలుసు. కానీ తలనిండా పదిహేడు పనులున్న మనిషికి తెలిసిన సంగతులు సమయానికి తట్టవు. పైగా కెప్టెన్ బొత్కా తన జీవితంలో ముప్ఫై ఒక్క ద్వంద్వయుద్ధాలకు తరఫు పెద్దమనిషిగా వెళ్ళినవాడు. ఈ మధ్య ఎవరూ పిలవడం లేదని దిగులుపడుతున్నాడు కూడా.

"ఏమోయ్ రేవాయీ, గ్లౌజు ఇచ్చాడు. తన తరఫున అన్నాడు. కారణం మాత్రం చెప్పలేదు" అన్నాడు కెప్టెన్ దారిలో.

రేవాయి తలూపాడు.

"నిన్న ఏం జరిగిందో మనం చూశాం కదా! ఆర్పాద్ స్వాగతోపన్యాసం చదువుతుంటే ఆ బెల్జియం కర్నల్ మధ్యలో లేచి చక్కాపోయాడు. నూటయాభైమంది ఎదుట! ఇంకొకడైతే అక్కడే కేకలేసేవాడు. మనవాడు పొద్దున దాకా ఓపిక పట్టాడు. పైకి మెతకగా కనిపిస్తాడు గానీ గుండె ఉన్నవాడోయ్!"

నిజానికి కర్నల్ లేచి వెళ్ళిపోయింది ఉపన్యాసం భరించలేక కాదు. మా చేపల పులుసు ఎర్రగా కనబడితే టొమాటో అనుకుని రెండు పెద్ద చెంచాలు మింగాడు. అది మిరప్పొడి. కళ్ళూ ముక్కూ ధారలు కట్టి, నలుగురిలో నవ్వులపాలవుతానని, గ్లౌజు సంగతి కూడా మరిచి బయటికి పరుగెత్తాడు. చెప్పకుండా వచ్చేశానే అని రాత్రంతా మథనపడ్డాడు. పొద్దున్నే తలుపు తీసేసరికి ఎదురుగా రెండు నల్లకోట్లు.

కెప్టెన్ మడమలు టక్కుమనిపించి, బల్ల మీద తన పేరు చీటీ, దాని పక్కన గ్లౌజు పెట్టాడు. "కెలెమెన్ ఆర్పాద్‌గారి తరఫున వచ్చాం."

కర్నల్ ముఖం పాలిపోయింది. ఆ గ్లౌజు తనదేనని ఆయన గమనించలేదు. అలాంటి వేళ ఎవరూ కొలత చూసుకోరు. "నిన్న రాత్రి సంగతేనా?" అని అడిగాడు.

"కారణాలు అడగడం మా పని కాదు."

"అర్థమైంది. నా తరఫు పెద్దమనుషులు పదకొండింటికి మిమ్మల్ని కలుస్తారు."

పదిన్నరకు కెప్టెన్ హాల్లోకి వచ్చి, నలుగురూ చూస్తుండగా ఆర్పాద్‌ను కావలించుకున్నాడు. "పుచ్చుకున్నాడోయ్!"

"సంతోషం" అంటూ ఆర్పాద్ మూడో నంబరుకు ఎదురుగా టిక్కు పెట్టబోయాడు.

"పదకొండింటికి ఆయన మనుషులు వస్తారు."

"కృతజ్ఞతలు చెప్పడానికా? అంత అవసరం లేదు."

"ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అడుగుల దూరం, ఇవన్నీ తేల్చుకోవద్దూ? కత్తి అయితే ఖాయం. తుపాకీ అంటే నేను ఒప్పుకోను, మొరటు."

టిక్కు సగంలో ఆగిపోయింది. "కెప్టెన్‌గారూ, అది ఆయన గ్లౌజేనండీ! కుర్చీలో మరిచిపోతే తిరిగి పంపించాను. అంతే!"

కెప్టెన్ ఆయన్ని ముచ్చటగా చూసి, భుజం తట్టాడు. "బాగుంది. ఎవరన్నా అడిగితే అలాగే చెప్దాం."

"నేనే వెళ్ళి కర్నల్‌గారితో మాట్లాడతాను."

కెప్టెన్ రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు. "ఇంకేమన్నా ఉందా! మధ్యవాళ్ళు దిగాక మీరిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాట్లాడావో, రేపట్నించి ఈ ఊళ్ళో ఏ కాఫీ హోటల్లోనూ నీకు చెయ్యిచ్చేవాడుండడు."

"అయితే మీరే చెప్పండి మహాప్రభో, పొరపాటు జరిగిందని!"

కెప్టెన్ చెప్పాడు. నిజాయితీగానే చెప్పాడు. కర్నల్ తరఫున ఒక పొడుగాటి డచ్చి దొర, ఒక స్విస్ డాక్టరు వచ్చారు. "మావాడు ఇదంతా పొరపాటంటున్నాడు" అని కెప్టెన్ అనగానే డచ్చి దొర కనుబొమ్మ ఎగరేసి, "ఓహో, భయపడ్డాడా?" అన్నాడు. "భయమా! మా ఆర్పాద్‌కా! ఈ రోజే! భోజనాల వేళకే! ఒకటిన్నరకి!" అని కెప్టెన్ అరిచాడు. ఆ విధంగా ముహూర్తం కుదిరింది.

ఇక హాల్లో పడిన అవస్థ ఇంతా అంతా కాదు. కార్యదర్శి ఆటగాళ్ళ జాబితా ఇస్తేగాని జ్యూరీ అధ్యక్షుడు పోటీ మొదలుపెట్టలేడు. ఇద్దరి బల్లలకూ మధ్య మూడడుగుల దూరం. ఆ మూడడుగులూ దాటడానికి ఆ కాగితం నలుగురి చేతులు మారాల్సి వచ్చింది.

"కిటికీ మూయమంటారా అని కెలెమెన్‌గారి పక్షం వారు అడుగుతున్నారు" అనేవాడు కెప్టెన్, కర్నల్‌కు వినబడేటంత దగ్గర్లో నిలబడి.

"కర్నల్‌గారికి గాలి హాయిగానే ఉందట" అనేవాడు డచ్చి దొర, ఆర్పాద్ ముఖంలోకి చూడకుండా.

కర్నల్ మంచివాడు. ఆర్పాద్ కూడా మంచివాడే. ఇద్దరూ ఒకరినొకరు దొంగచూపులు చూసుకుని, తల వంచుకునేవారు. ఎదటివాడు క్షమాపణ అడిగితే కాళ్ళు పట్టుకునేందుకు సిద్ధంగా ఉన్న ఇద్దరు మనుషులను మర్యాద ఇలా నోరు కట్టేసి కూర్చోబెట్టింది. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పన్నెండింటికి మరో పిడుగు పడింది. కార్యదర్శితో గొడవ తేలకుండా ఫైనల్‌కు తీర్పరిగా కూర్చోవడం న్యాయం కాదని కర్నల్ కబురు పంపాడు. ఫైనల్లో మా హంగేరీవాడితో తలపడేది ఇటలీవాడు. ఆ రెండు పక్షాలూ నమ్మే తీర్పరి ఈ భూమ్మీద కర్నల్ ఒక్కడే. "ఆయన లేకపోతే మావాడు కత్తి దూయడు, సాయంత్రం రైలుకి పోతాం" అని ఇటలీ జట్టు నాయకుడు తేల్చి చెప్పాడు. అంటే ద్వంద్వయుద్ధం జరగకపోతే ఆరేళ్ళ శ్రమ గంగలో కలుస్తుంది. జరిగితే ఆర్పాద్ ఏమవుతాడో చెప్పక్కర్లేదు.

ఆర్పాద్‌కు భయం వేసింది. అయినా జాబితా తీసి, చివర "ఒకటిన్నర: ద్వంద్వయుద్ధం" అని పద్దెనిమిదో నంబరు వేశాడు. రాయడంతో కాస్త ధైర్యం వచ్చింది.

ఇల్కా భోజనం డబ్బాతో వచ్చి అంతా విన్నది. మళ్ళీ పియానో మాట ఎత్తలేదు. అందుకే ఆయనకు భయం ఎక్కువైంది.

"ఆ కర్నల్ గట్టివాడా?" అని అడిగింది.

"ఇరవై ఏళ్ళుగా యూరప్‌లో ప్రతి కత్తిదెబ్బనూ చూసినవాడు."

"చొక్కా మార్చుకోండి. ఇది కొత్తది" అంటూ కాలరు సర్దింది. ఆర్పాద్ ఆమె చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పుడే హాల్లో మూడో స్థానం కోసం పొద్దుటి చివరి పోటీ నడుస్తోంది. పోలండ్ కుర్రాడొకడు కత్తి దించి, "తగిలింది!" అని చెయ్యెత్తాడు. చుట్టూ నిలబడ్డ నలుగురు జడ్జీలలో ఎవరూ ఆ దెబ్బ చూడలేదు. అయినా కర్నల్ మారు మాట్లాడకుండా ఆ దెబ్బ లెక్కలో వేశాడు. కత్తి ఆటలో అదొక పద్ధతి. దెబ్బ తిన్నవాడు తనంతట తానే తగిలిందని ఒప్పుకుంటే ఇక ఏ జడ్జీకీ కాదనే హక్కు లేదు. పెద్దమనిషి మాట అది. ఆర్పాద్ చెవులు రిక్కించాడు.

ఒకటిన్నరకు పక్కనున్న చిన్న సాధన గదిలో తలుపులు వేశారు. షరతు ఒక్కటే, మొదటి దెబ్బతో సరి. ఇద్దరూ చొక్కాలతో నిలబడ్డారు. మధ్య ఆరడుగుల దూరం. స్విస్ డాక్టరు సంచీ విప్పి దూది బయట పెట్టాడు. చేతిలో కత్తి ఇంత బరువుంటుందని ఆర్పాద్‌కు అప్పుడే తెలిసింది.

"మొదలు!" అన్నాడు కెప్టెన్, ఇరవై ఏళ్ళు చిన్నవాడైపోయి.

ఆర్పాద్ అడుగు ముందుకు వెయ్యలేదు. కత్తి కూడా ఎత్తలేదు. గొంతెత్తి, గదంతా దద్దరిల్లేలా, "తగిలింది!" అన్నాడు.

సరిగ్గా అదే క్షణాన ఎదటివైపు నుంచి కర్నల్ అంతకన్నా గట్టిగా, "తగిలింది!" అన్నాడు.

డచ్చి దొర రెండు కత్తుల కొనలనూ, వాటి మధ్య ఖాళీనీ చూశాడు.

"ఎక్కడ తగిలిందండీ?" అన్నాడు స్విస్ డాక్టరు.

"భుజం" అన్నాడు ఆర్పాద్.

"నాకూ భుజమే" అన్నాడు కర్నల్.

"భుజమేమిటి, నా బొంద! కత్తులే కలవలేదు కదా!" అని అరిచాడు కెప్టెన్ బొత్కా. "నాకు ఒక్క దెబ్బ కూడా కనబడలేదు!"

కర్నల్ నెమ్మదిగా ఆర్పాద్ వైపు తిరిగాడు. "ఆర్పాద్‌గారూ, దెబ్బ తగిలింది కాబట్టి మన గొడవ తీరిపోయింది. ఇక మనం మాట్లాడుకోవచ్చు కదా?"

"నిక్షేపంగా."

"ఈ కెప్టెన్‌గారు మన మాట అబద్ధమంటున్నట్టు నాకు వినిపించింది. మీకూ?"

"నాకూ అలాగే వినిపించిందండీ" అన్నాడు ఆర్పాద్. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ గొంతు ఖంగున మోగింది. "ఇద్దరినీ ఒకేసారి అన్నారు. అంటే ఇద్దరికీ విడివిడిగా సమాధానం చెప్పుకోవాలేమో. రేవాయిగారూ, మీరు నా తరఫున ఉంటారా?"

రేవాయి వెంటనే, ఎంతో ఉత్సాహంగా తలూపాడు.

కెప్టెన్ మీసాలు కిందికి వాలాయి. ముప్ఫై ఒక్కసార్లు ఇతరులను కత్తుల ముందుకు తీసుకెళ్ళినవాడే గాని, ఒక్కసారీ తాను నిలబడినవాడు కాదు. ఆయన రెండు కత్తులను చూశాడు, దూదిని చూశాడు, మూసిన తలుపులను చూశాడు. "ఈ మధ్య నాకు దూరపు చూపు తగ్గింది" అన్నాడు చివరికి. "ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. రెండూ తగిలాయి. గట్టిగానే తగిలాయి." ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతూ కర్నల్ రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "నిజం చెప్పనా? సైన్యంలో నేను వంతెనలు కట్టేవాణ్ణి. ఈ ఇరవై ఏళ్ళూ దెబ్బలు చూడటమే గాని కొట్టిన పాపాన పోలేదు. మీ ఉపన్యాసం మధ్యలో లేచి వెళ్ళిపోయినందుకు మాత్రం మన్నించాలి. ఆ పులుసు..."

"లేచి వెళ్ళిపోయారా? ఎప్పుడు?" అన్నాడు ఆర్పాద్. "నేను కాగితం చూసి చదువుతున్నానండీ."

ఫైనల్ సరిగ్గా నాలుగింటికి మొదలైంది. నిండిన హాల్లో, కర్నల్ తీర్పులో, ప్రపంచంలోకెల్లా గొప్ప కత్తివీరులు ఇద్దరూ ఒకరినొకరు గంటసేపు బాదుకుని, తమకు ఒక్క దెబ్బ కూడా తగల్లేదని చివరిదాకా వాదించారు.