నాన్న గొంతు ఎందులో ఉంది?

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో పెట్టుకున్న పని చాలా చిన్నది. అమ్మ చెవికి కొత్త మిషను పెట్టాలి, అది పనిచేస్తోందో లేదో చూడాలి, ఆ తర్వాత అందరూ టిఫిను తినాలి. డాక్టరు ముందురోజే అన్నీ సరిచూసి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చారు. అమ్మ మాత్రం డబ్బా మూత కూడా తియ్యనివ్వలేదు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇది పెట్టుకున్నాక మొట్టమొదట మీ నాన్న గొంతు వినాలి. తర్వాతే మీ గోల. అప్పటిదాకా నా చెవి జోలికి రావద్దు!" అంది ఇల్లు అదిరిపోయేలా. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకే వినపడక చాలా కాలమైంది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు పట్టిన క్యాసెట్ ఒక్కటే ఉండేది. "ఓస్, అదెంత సేపు! క్లౌడ్‌లో ఉంది" అన్నారు కొడుకు, ఫోను తీస్తూ.

ఆయన ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ల విభాగానికి అధికారి. ఆఫీసులో అందరూ బ్యాకప్ గారంటారు. ఎవరైనా కదలకుండా కూర్చుంటే చాలు, ఒకప్పుడు కంప్యూటరు గదంత ఉండేదనీ, లెక్కలన్నీ అట్టముక్కల మీద చిల్లులుగా దాచేవారనీ మొదలుపెట్టేస్తారు. ఆయనకి ఒక సూత్రముంది. కొత్తదాంట్లోకి ఎక్కించగానే పాతదాన్ని వదిలించుకోవాలి, రెండూ ఉంటే ఏది అసలో తెలియక చస్తాం. ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ అదే చట్టం. ఆ చట్టం ప్రకారమే నాన్న గొంతు క్యాసెట్ నుంచి ఫ్లాపీల్లోకి, అక్కణ్నుంచి సీడీలోకి, పెన్‌డ్రైవ్‌లోకి, చివరికి క్లౌడ్‌లోకి కాపురం మారుస్తూ వచ్చింది.

క్లౌడ్‌లో "నాన్న" అనే ఫైలు భద్రంగానే ఉంది. తెరుచుకోలేదు. చోటు కలిసొస్తుందని అప్పట్లో ఏదో ప్రత్యేకమైన ప్రోగ్రాంతో కుదించి దాచారాయన. ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ మూతపడి, తాళంచెవి కూడా తనతోనే పట్టుకుపోయింది.

"పోనీ, పెన్‌డ్రైవ్ పట్రా అమ్మా" అన్నారు కూతురితో.

"నీలం రంగుదా? కార్లో పాటలకి చోటు చాలట్లేదని తుడిచేశా కదా నాన్నా."

"తాతయ్య గొంతు తుడిచేశావా!"

"క్లౌడ్‌లోకి ఎక్కించాక పాతది ఉంచొద్దని మీరేగా అన్నారు?"

తన చట్టాన్ని తానే కాదనడం ఎలాగో బ్యాకప్ గారికి తెలియదు. సీడీ గుర్తొచ్చి భార్య వైపు తిరిగారు.

"మీరు పారెయ్యమన్నారు" అందావిడ. "పారేస్తే ఏమొస్తుంది? మెరుస్తోంది కదా అని బాల్కనీలో కట్టా, పావురాలు రాకుండా."

ముగ్గురూ బాల్కనీలోకి పరుగెత్తారు. తాడుకి వేలాడుతున్న సీడీల్లో ఒకదాని మీద "నాన్న" అని ఆయన చేతిరాతే. వెండిపూత ఊడిపోయి, అందులోంచి ఎదురింటి కిటికీ స్పష్టంగా కనిపిస్తోంది. పక్కనే ఒక పావురం నిశ్చింతగా ముక్కుతో రెక్క సర్దుకుంటోంది.

ఇంటిల్లిపాదీ తన కోసం అటూ ఇటూ పరుగులు పెడుతుంటే అమ్మకి ముచ్చటేసింది. "తొందరేం లేదు, నెమ్మదిగా వెతకండి!" అని అరిచింది. ఏం వెతుకుతున్నారని ఆవిడ అడగలేదు. నీ దగ్గర ఏమైనా ఉందా అని ఆవిణ్నీ ఎవరూ అడగలేదు.

ఇక మిగిలినవి ఫ్లాపీలు. పాతది పారెయ్యమని ఊరందరికీ చెప్పే మనిషి, తన ఫ్లాపీలని మాత్రం చెప్పుల డబ్బాలో పెట్టి అటక మీద దాచుకున్నారు. డబ్బా కిందికి దిగుతుంటే భార్య చూసిన చూపుకి ఆయన తల ఎత్తలేదు. ఒక ఫ్లాపీలో పట్టేది బొత్తిగా కొంచెం కాబట్టి రికార్డింగుని ముక్కలుగా కోసి డబ్బా నిండా సర్దారప్పట్లో.

"మామయ్యగారిని ఇన్ని ముక్కలు చేశారా!" అందావిడ.

ఫ్లాపీలు చదివే మిషను ఇప్పుడు ఎక్కడా లేదు, ఒక్క ఆయన ఆఫీసు ముందు హాల్లో తప్ప. అక్కడ పాత కంప్యూటర్లన్నీ అద్దాల బీరువాలో ప్రదర్శనకి పెట్టారు. టిఫిను సంగతి మరిచి అందరూ కారెక్కారు. అమ్మ చెవి మిషను డబ్బా ఒక చేత్తో, సంచీ ఇంకో చేత్తో పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

బీరువా దగ్గర కాపలా మనిషి అడ్డం నిలబడ్డాడు. "ముట్టుకోకూడదండి. ఆర్డరుంది."

"ఆ ఆర్డరు మీద సంతకం నాదేనయ్యా!"

"అందుకేనండి ఇంత గట్టిగా చెప్తున్నా."

బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు గానీ, అద్దం తీస్తే సైరన్ మోగుతుందన్న సంగతి సంతకం పెట్టిన ఆయనకే గుర్తులేదు. అది కూత మొదలుపెట్టేసరికి మిగతా కాపలావాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. అందరూ చెవులు మూసుకున్నారు. అమ్మ మాత్రం ప్రశాంతంగా, "ఏంట్రా, అందరికీ ఒక్కసారే తలనొప్పొచ్చిందా?" అంది.

సైరన్ ఆగింది. పాత కంప్యూటరు మూలుగుతూ లేచింది. బ్యాకప్ గారు ఒక్కో ఫ్లాపీ పెట్టారు, ఒక్కోటీ బయటికి తీశారు. అన్నిటికీ బూజు పట్టింది. డబ్బా ఖాళీ అయ్యాక ఆయన నేలమీదే కూలబడ్డారు.

"అమ్మా, నాన్న గొంతు పోగొట్టేశానే" అన్నారు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

అమ్మకి మాట వినపడలేదు, కన్నీళ్లు కనిపించాయి. "మిషను దొరికిందిగా, ఇంకా ఏడుస్తావేంరా?" అంటూ బీరువా మూలకి వేలు చూపించింది. అక్కడ ఒక టేప్‌రికార్డరు ఉంది. తొలి రోజుల్లో ఇళ్లలో వాడిన కంప్యూటర్లకి సమాచారం దాచుకునే చోటు అదే. కింద చీటీ మీద ఆ సంగతి రాసింది కూడా ఆయనే.

అమ్మ సంచీ తెరిచి క్యాసెట్ బయటికి తీసింది. "నువ్వు చెత్తలో వేసిన రోజే తీసి దాచుకున్నా. వినడానికి మిషను లేకపోయె. పొద్దుట్నించీ మీరు వెతికేది దీన్ని వాయించే మిషను కోసమే కదా?"

మనవరాలు నానమ్మ చెవికి మిషను అమర్చింది. బ్యాకప్ గారు క్యాసెట్ పెట్టి మీట నొక్కారు.

హాలంతా ఒక ఆడగొంతు మారుమోగింది. తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు, తలుపు గడియ పెట్టనందుకు, గొడుగు బస్సులో మరిచినందుకు ఆ గొంతు ఎవరినో ఊపిరాడకుండా దులిపేస్తోంది. అమ్మ గొంతే. క్యాసెట్ తిరుగుతూనే ఉంది, గొంతు సాగుతూనే ఉంది.

"నాన్నా, తాతయ్యేరీ?" అని గుసగుసగా అడిగింది కూతురు.

బ్యాకప్ గారు తెల్లబోయారు. ఇన్నేళ్లుగా దీన్ని ఎందులోంచి ఎందులోకి ఎక్కించారో చెప్పగలరు. ఒక్కసారైనా పూర్తిగా విన్నారా అంటే చెప్పలేరు.

క్యాసెట్ చివరికొచ్చింది. "ఇంతసేపూ నేనొక్కదాన్నే వాగుతున్నా. అసలు వింటున్నారా?" అందా గొంతు.

టేపు కాస్త గరగరమంది. "ఊఁ" అన్నాడొక మగమనిషి, నవ్వు ఆపుకుంటున్నట్టు. టేపు టక్కున ఆగిపోయింది.

అమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కళ్లనిండా నీళ్లు. "చూశావురా, మీ నాన్న అంతా విన్నారు" అంది. జీవితంలో మొదటిసారి, నెమ్మదిగా.

ఇంటికొచ్చాక బ్యాకప్ గారు లెక్క వేసి చూశారు. నాన్న మాట్లాడినదంతా ఒక్క ఫ్లాపీలో పట్టేసేది, ఇంకా బోలెడు చోటు మిగిలేది.