పెళ్లిపూట మూగబోయిన పెట్టె

కూతురి పెళ్లిరోజు పొద్దున్న వుకాషిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, ముప్పై అయిదేళ్ల నాటి జపాన్ సింథసైజర్ వాయిద్యపు పెట్టెను వరండాలో పెట్టి ఒకసారి మోగించి చూసుకోవాలి. మధ్యాహ్నం పెరటి గుడారంలో దున్యా తన మొగుడితో వేసే మొదటి నాట్యానికి తండ్రే వాయించాలి, అదీ తన సొంత శబ్దంతోనే. దున్యా పుట్టిన ఏడు చలికాలమంతా కూర్చుని మీట మీద మీట నొక్కి తయారుచేసిన శబ్దం అది. సగం క్లారినెట్టు, సగం ఏడుపు. చాచాక్ ఊరి చుట్టుపక్కల ఏ వాయిద్యగాడు కాళ్లావేళ్లా పడినా ఇవ్వలేదు. ఆ పెట్టె లోపల తప్ప లోకంలో అది ఇంకెక్కడా లేదు.

ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. తెర వెలగలేదు. మళ్లీ నొక్కాడు. పెట్టెను తట్టాడు, బతిమాలాడు, దాని అమ్మను తిట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వుకాషిన్ ఇంట్లోకి కేకేశాడు.

"ఒరే రద్మిలో! నా కొంప మునిగిందిరా!"

బావమరిది రద్మిలో ట్రాక్టర్ల మెకానిక్కు. పెళ్లికి కుట్టించిన కొత్త కోటు జేబులో కూడా స్క్రూడ్రైవర్ పెట్టుకునే రకం.

"కంగారుపడకు బావా. ముందు కరెంటు చూద్దాం. ఈ ప్లగ్గు కిందటేడు నేను వేసిందే, అనుమానం అక్కర్లేదు గానీ..." అంటూ రేడియో తెచ్చి తగిలించాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురు తలకు తువ్వాలు చుట్టుకుని స్నానాల గదిలోంచి బయటికొచ్చి, "నాదైపోయింది, తర్వాత ఎవరు?" అని కేకేసింది. రేడియో బ్రహ్మాండంగా పాడింది.

"చూశావా? నా వైరింగు బంగారం. రోగం నీ పెట్టెలోనే ఉంది."

రేడియో పీకి పెట్టె తగిలించేసరికి వుకాషిన్ భార్య స్నానానికి వెళ్లింది. పెట్టె మళ్లీ చచ్చినట్టే పడుంది.

ఈ లోపల అత్తగారు దెసాంకా వచ్చి వరండాను కలయజూసింది. "అటు కిటికీ, ఇటు తలుపు! ఈ అడ్డగాలికి మనిషికే మెడ పట్టేస్తుంది, పెట్టెకి పట్టదూ?" అని కిటికీ ధడాలున మూసింది. ఆవిడ గొళ్లెం పెట్టడమూ, వుకాషిన్ భార్య స్నానం ముగించి రావడమూ, తెర మీద అక్షరాలు వెలగడమూ ఒక్కసారే జరిగాయి.

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. వుకాషిన్ అత్తగారి చేతులు ముద్దుపెట్టుకుని రెండు స్వరాలు వాయించాడు. మూడోది వచ్చేలోపు పెట్టె ఆరిపోయింది.

"ఎవరో తలుపు తీశారు!" అంది దెసాంకా.

నిజానికి తలుపు తీసింది స్నానాల గదిలోకి దూరిన రద్మిలో భార్య. అది ఎవరికీ తట్టలేదు. ఇంట్లో తలుపులన్నీ బిగించారు, సందుల్లో గుడ్డలు కుక్కారు. జులై ఎండకు పెళ్లివారంతా చెమటలు కక్కుకుంటూ పెట్టెను చూస్తూ నిలబడ్డారు. పెట్టె మటుకు ఏమీ పట్టించుకోలేదు.

"లోపల తుప్పు బావా. స్పిరిట్టుతో తుడవాలి," అన్నాడు రద్మిలో. ఇంట్లో ఉన్న స్పిరిట్టల్లా రేగుపండ్ల సారాయే. మూత విప్పి లోపల ఒక గ్లాసు, తన లోపల రెండు గ్లాసులు పోశాడు. ఈసారి పెట్టె అయిదు నిమిషాలు వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. రద్మిలో భార్య తల దువ్వుకుంటూ వచ్చి తనూ కొట్టింది. తర్వాత దున్యా పినతల్లి తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లింది, పెట్టె పోయింది.

వుకాషిన్ తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. తిరిగి చూసేసరికి రద్మిలో పెట్టెలోంచి పీకిన బిళ్ల బ్యాటరీని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"దొంగ దొరికాడు బావా! ట్రాక్టర్ కదలకపోతే మేం ముందు బ్యాటరీయే పీకుతాం."

వుకాషిన్ పెట్టిన కేకకు పెరట్లో గొర్రెపిల్లను కాలుస్తున్నవాళ్లు పరుగున వచ్చారు. "ఒరే, శబ్దాన్ని పట్టి ఉంచేది అదేరా! పీకితే అంతా పోతుందిరా! నా దున్యా శబ్దం!"

రద్మిలో మొహం పాలిపోయింది. గబగబా బిళ్ల తిరిగి పెట్టాడు. పినతల్లి స్నానం ముగించింది, తెర వెలిగింది. వుకాషిన్ మీటలు నొక్కి తన శబ్దం కోసం వెతికాడు. కంపెనీవాళ్లు పుట్టుకతో ఇచ్చిన శబ్దాలే తప్ప లోపల ఇంకేమీ లేవు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆఖరున దెసాంకా సబ్బు పట్టుకుని బయల్దేరింది. నడవాలో ఆగి గోడ మీది నీళ్లు కాచే బాయిలర్ స్విచ్ టక్కున ఆపింది. అందరి కళ్లముందే పెట్టె ఆరిపోయింది.

"అత్తయ్యా... అది మళ్లీ వెయ్యండి," అన్నాడు వుకాషిన్.

టక్. పెట్టె వెలిగింది. ఆవిడ అనుమానంగా మళ్లీ ఆపింది. ఆరింది.

ఒళ్లు తడిసినప్పుడు కరెంటు కొడుతుందని స్నానానికి ముందు బాయిలర్ ఆపి, అయ్యాక మళ్లీ వెయ్యనివాడు ఆ ఊళ్లోనే లేడు. ఆ ఉదయం అప్పటికే నలుగురు వరసగా స్నానాలు చేశారు. అందరూ రద్మిలో వైపు తిరిగారు.

"వరండా ప్లగ్గు వేసినప్పుడు వైరు చాల్లేదు బావా," అన్నాడు రద్మిలో నేల చూపులు చూస్తూ. "బాయిలర్ లైన్లోంచే లాగాను."

వుకాషిన్ పెట్టెను ఎత్తుకుని గుడారం వైపు నడిచాడు.

మధ్యాహ్నం గుడారంలో కంపెనీ శబ్దాల్లో చేతికందినదాన్ని నొక్కి, దున్యా వైపు చూడలేక తల వంచుకుని వాయించాడు. పాట సగానికి వచ్చేసరికి పెళ్లికూతురు మొగుణ్ని వదిలేసి వచ్చి ఆయన మెడ కావిలించుకుంది.

"అదే నాన్నా! నా చిన్నప్పటి శబ్దమే! ఇది ఇంకెవరి దగ్గరుంది?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టూ చుట్టాలంతా కళ్లు తుడుచుకున్నారు. వుకాషిన్ కొయ్యబారిపోయి, వేళ్లు మటుకు ఆపకుండా వాయించాడు.

పాట అయ్యాక దెసాంకా వచ్చి అల్లుడి భుజం తట్టింది.

"ముప్పై ఏళ్లుగా ఆ పెట్టెలో పిల్లి ఇరుక్కుందని మొత్తుకుంటున్నాను. ఇన్నాళ్లకి బాగుచేశారు నాయనా."

పక్కనే ఉన్న రద్మిలో వినయంగా తల వంచి, స్క్రూడ్రైవర్‌ను తుడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.