అకారాది కొలతలు

ఆ సోమవారం పొద్దున దర్జీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫైర్ స్టేషన్‌లో పనిచేసే ముప్పై ఇద్దరి కొలతలు కంప్యూటర్‌లోంచి కాగితం మీదికి తీయించి, యూనిఫారాలకు గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాలి. కొత్తగా వచ్చిన పై అధికారి శనివారం తనిఖీకి వస్తున్నాడు. బట్టలు ఆయనకు నచ్చితే ఏటా ఆ ఆర్డరు మాస్టారిదే, నచ్చకపోతే ఎదురు కొట్టువాడిది. మాస్టారి కొట్టు నిలబడేది ఆ ఒక్క ఆర్డరు మీదే.

కొలతల్ని కంప్యూటర్‌కు ఎక్కించింది ఆయన బావమరిది. వారం రోజులు శిక్షణ పొంది, ఆ విద్యకు తగిన పని దొరికేదాకా అక్కగారింట్లో మకాం పెట్టినవాడు. పేర్లు ఒక నిలువు వరుసలో, ఛాతీ, నడుము, కాలి పొడవు పక్క వరుసల్లో. ఒక మనిషి వివరాలన్నీ ఒకే అడ్డు వరుసలో. అంతవరకు వంక పెట్టడానికి లేదు. మాస్టారు మురిసిపోయి, పాత కొలతల పుస్తకాన్ని చింపి కాలర్లకు నమూనాలు కత్తిరించుకున్నారు.

కాగితం తీసేముందు, పేర్లు అకారాది క్రమంలో ఉంటే ముచ్చటగా ఉంటుందని బావమరిదికి తోచింది. పేర్ల వరుసను మాత్రమే పట్టుకుని సర్దమన్నాడు. పక్క వరుసల్ని కూడా కలిపి సర్దాలా అని కంప్యూటర్ అడిగింది. యంత్రాలకు చనువిస్తే నెత్తికెక్కుతాయని అతని నమ్మకం. వద్దన్నాడు. పేర్లు బుద్ధిగా కదిలాయి, కొలతలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

శుక్రవారం బట్టలు అందించిన గంటకే, నిచ్చెనలెక్కే ఆరడుగుల ఉద్యోగి కొట్లోకి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల కింద ఆగిపోయింది.

"ఇదేంటి మాస్టారూ?"

మాస్టారు టేపు పెట్టి చూసి, కాగితం చూశారు. "ఇందులో ఎంతుందో అంతే కుట్టాను. మీరే పెరిగారు."

"నలభై దాటాక పెరుగుతానా?"

"ఆ సంగతి డాక్టర్ని అడగాలి."

వెనకే డ్రైవరు, గుండీలు పెట్టుకోలేక పొట్ట పట్టుకుని వచ్చాడు. అతను అడ్డంగా పెరిగినట్టు కాగితం తేల్చింది. మూడోవాడు వచ్చేసరికి మాస్టారికి తన చేతి మీదే అనుమానం వచ్చింది.

"టేపు సాగిపోయుంటుంది బావా, కొత్తది తెస్తాను," అన్నాడు బావమరిది.

కొత్త టేపుతో, అదే కాగితం చూసి, మూడు జతలూ విప్పి మళ్లీ కుట్టారు. ఈసారి మరింత కచ్చితంగా సరిపోలేదు.

శనివారం పొద్దున్నే ముప్పై ఇద్దరూ కొట్టు ముందు చేరారు. తనిఖీకి గంట టైముంది. మళ్లీ కుట్టే వ్యవధి లేదు. మాస్టారు కొత్త టేపు మెళ్లో వేసుకుని గుమ్మంలోనే కూలబడ్డారు. గొడవ విని మాస్టారి భార్య బయటికొచ్చి అందరినీ ఒకసారి తేరిపార చూసింది.

"ఆ సన్నటాయన వేసుకున్నది ఈ డ్రైవరుగారి చొక్కాలా లేదూ? మార్చుకోండి అన్నయ్యా, ఎవరికి పట్టింది వాళ్లు వేసుకోండి!"

పావుగంటలో అందరికీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. కొలతలన్నీ ఎవరో ఒకరివే మరి. చిక్కల్లా జేబుల మీద దట్టంగా కుట్టిన పేరు, ఉద్యోగం. విప్పితే గుడ్డకు చిల్లులు పడతాయి. స్టేషన్ ఆఫీసరు చొక్కా, భుజాల మీది నక్షత్రాలతో సహా వంటమనిషికి సరిపోయింది. వంటమనిషిది ఆఫీసరుకు.

"అరగంట పనేగా! జేబులెవరు చదువుతారు?" అన్నారు ఆఫీసరు.

పై అధికారి చదివాడు. ఆ స్టేషన్‌లో ఆయనకు ఎవరూ తెలియదు. నేరుగా నక్షత్రాల దగ్గరికి నడిచి వంటమనిషికి సెల్యూట్ కొట్టాడు.

"యూనిఫారాలు భేషుగ్గా ఉన్నాయి. ఏటా ఈ దర్జీకే ఇద్దామంటారా?"

ఇరవయ్యేళ్ల సర్వీసులో వంటమనిషిని ఎవరూ ఏ అభిప్రాయమూ అడగలేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"నిక్షేపంగా ఇవ్వండి సార్," అని, చూపించిన చోట సంతకం చేశాడు.

స్టేషన్ ఆఫీసరు నోరు తెరవబోయి, వేరొకరి పేరుతో నిలబడ్డ సంగతి ముందుగా తనే ఒప్పుకోవాలని గుర్తొచ్చి మూసుకున్నారు. పై అధికారి ఆయన జేబు వైపు చూశాడు.

"నువ్వేగా వంటమనిషివి? వెళ్లి అందరికీ టీ పెట్టుకురా."

ఆర్డరు మాస్టారికే ఖాయమైంది. తనిఖీ నివేదికలో రాసిన లోపం ఒక్కటే: టీ బాగాలేదు.