మూడుకీ నాలుగుకీ మధ్య సంతకం

నాగరిక సమాజంలో అప్పు ఎగ్గొట్టినవాడికి ఫోను వస్తుంది. ఆలస్యంగా కట్టినవాడికి నోటీసు వస్తుంది. గడువుకు ముందే కట్టేసినవాడి మీద మాత్రం విచారణ జరుగుతుంది. ఇందులో అన్యాయమేమీ లేదు. మొదటి ఇద్దరూ రేపు ఏం చేస్తారో బ్యాంకుకు తెలుసు. మూడోవాడు దేనికైనా తెగించినవాడు.

ఈ కథలో ఆ మూడోవాడు ఒక లిఫ్ట్ మెకానిక్. మూడేళ్ళ కిందట అత్తగారి మోకాళ్ళు రెండూ మార్పించడానికి పర్సనల్ లోన్ తీసుకున్నాడు. మొత్తం అరవై వాయిదాలు, అంటే మోకాలికి ముప్పై. లోన్ నాలుగు నిమిషాల్లో మంజూరైంది. (అందులో మూడు నిమిషాలు అతని ఇంటిపేరు తప్పుల్లేకుండా టైపు చేయడానికే పట్టింది.)

ఆ వాయిదాల కోసం అతని భార్య ఆసుపత్రి లాండ్రీలో నైట్ డ్యూటీకి మారింది. రాత్రి పనికి జీతం ఎక్కువ. అప్పటినుంచి వాళ్ళ కాపురం రెండో అంతస్తు మెట్ల మలుపులో సాగుతోంది. పొద్దున్నే ఆమె పైకి ఎక్కుతుంది, అతను కిందికి దిగుతాడు. మలుపు దగ్గర తాళంచెవి, టిఫిన్ డబ్బా, రెండు మాటలు చేతులు మారతాయి. (లిఫ్ట్ మెకానిక్ ఉండే భవనానికి లిఫ్ట్ లేదు. ఉండి ఉంటే ఆ రెండు మాటలు కూడా ఉండేవి కావు.)

"లోన్ తీరిపోయినట్టు కాగితం తెచ్చి చూపించు. ఆ రోజే పగటి డ్యూటీకి మారిపోతా," అంది ఆమె ఒకరోజు. "నోటి మాట నాకొద్దు. నువ్వు ఐదు నిమిషాల్లో వస్తానంటే ఎంతసేపో నాకు తెలుసు."

అతను ఆదివారాలు వదిలేశాడు. సెలవులు వదిలేశాడు. ఊళ్ళో ఏ లిఫ్ట్ ఎక్కడ మొరాయించినా సంచి భుజాన వేసుకుని పరిగెత్తాడు. అలా వచ్చిందంతా నెలనెలా వాయిదాతో పాటు అదనంగా బ్యాంకు యాప్‌లో కట్టేశాడు. కట్టిన ప్రతిసారీ యాప్ తెర నిండా రంగు కాగితాలు చల్లి "శభాష్" అనేది. ముప్పై ఆరో నెలకల్లా అతని లెక్క ప్రకారం బాకీ సున్నా. సరిగ్గా అప్పుడే లాండ్రీలో పగటి డ్యూటీ ఒకటి ఖాళీ అయింది. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానని సూపర్‌వైజరమ్మ మాటిచ్చింది. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి.

బ్యాంకు నాలుగో అంతస్తులో ఉంది. లోన్లు ఇచ్చే కౌంటర్లు ఆరు, ద్వారానికి ఎదురుగా ఉంటాయి. తీర్చే కౌంటర్ ఒక్కటే. అది ఫొటోకాపీ మిషన్ వెనకాల ఉంటుంది. అక్కడ ముందస్తు విముక్తి అధికారి కూర్చుంటాడు. మనిషి చాలా మంచివాడు. వచ్చినవాళ్ళను చావింట్లో పలకరించినట్టు పలకరిస్తాడు.

"మీరు అదనంగా కట్టినదాని వల్ల అసల్లో చిల్లిగవ్వ తగ్గలేదండి," అన్నాడు కంప్యూటర్ చూసి, మెల్లగా.

"మరి నేను కట్టిందంతా ఏమైంది?"

"భద్రంగా ఉంది. 'కారణం తెలియని సొమ్ము' అనే ఖాతాలో. వడ్డీ రాదు గానీ గౌరవానికేం లోటు లేదు."

"అప్పు తీరడానికే కదండీ కట్టాను?"

"ఆ ముక్క మీరు రాసివ్వలేదు. కస్టమర్ మనసులో ఏముందో మేం ఊహించకూడదు. రూలు."

"నిరుడు ఒక్క రోజు ఆలస్యమైతే ఎగ్గొడతాననుకుని జరిమానా వేశారుగా. అది ఊహ కాదా?"

"కాదండి. అది అనుభవం."

అధికారి సొరుగులోంచి ఫారం తొమ్మిది తీశాడు. మొదటి ప్రశ్న: మమ్మల్ని ఎందుకు విడిచి వెళుతున్నారు? దానికి మూడు గళ్ళున్నాయి. ఆవేశం, చెడు సావాసం, లంకెబిందెలు. మెకానిక్ చాలాసేపు ఆలోచించి చెడు సావాసానికి టిక్కు పెట్టి, పక్కన 'భార్య' అని రాశాడు. చివరి పేజీలో హామీదారు సంతకం అడిగారు.

"లోన్ తీసుకునేటప్పుడు హామీ ఎవరూ అడగలేదే," అన్నాడు.

"అప్పుడు మీకు మేమున్నాం కదండీ. రేపు అప్పు లేకుండా ఎలా బతుకుతారు? ఎవరో ఒకరు పూచీ పడాలిగా."

పూచీ పడడానికి అత్తగారు ఒప్పుకుంది. ఆ తర్వాత పది రోజుల పునరాలోచన కాలం మొదలైంది. రోజూ ఉదయం బ్యాంకు నుంచి ఒక మెసేజ్ వచ్చేది. 'మీరు బాగా ఆలోచించుకున్నారా?' ఐదో రోజున, 'ఇంట్లో ఏమైనా గొడవా?' తొమ్మిదో రోజున మరీ క్లుప్తంగా, 'సరే.'

నెలాఖరు రోజు మెకానిక్ పొద్దున్నే వెళ్ళి మొదటి టోకెన్ తీసుకున్నాడు. అధికారి ఫైలంతా తిరగేసి నిట్టూర్చాడు.

"అన్నీ ఉన్నాయి. మీ హామీదారు వచ్చి సంతకం పెడితే, ఇంక కమిటీ చూడడమే తరువాయి."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండీ?"

"కుర్చీలు వచ్చాక. టెండరు పిలిచాం."

"సాయంత్రం లోపల కాగితం కావాలండీ. మా ఆవిడ డ్యూటీ సంగతి."

"అత్యవసరమైతే నేనే సంతకం పెట్టొచ్చు. కానీ కస్టమరో, అధికారో ప్రాణాపాయంలో ఉండాలి. దేవుడి దయవల్ల ప్రస్తుతానికి మనిద్దరం క్షేమం." ఆ మాట అని, రబ్బరు స్టాంపు జేబులో వేసుకుని అధికారి టీ తాగడానికి లిఫ్ట్ ఎక్కాడు. (స్టాంపును బల్ల మీద వదిలి వెళ్ళకూడదని ఇంకో రూలు.)

ఆరు నిమిషాల తర్వాత మెకానిక్ ఫోన్ మోగింది. వాళ్ళ కంపెనీ నుంచి. ఫలానా భవనంలో లిఫ్ట్ ఆగిపోయింది, లోపల ఒక మనిషి ఉన్నాడు, నువ్వెక్కడున్నావు?

"ఆ భవనంలోనే," అన్నాడు మెకానిక్. తన మాట మీద తనకే నమ్మకం కలగలేదు.

నాలుగో అంతస్తు తలుపును తన తాళంతో జానెడు తెరిచాడు. లిఫ్ట్ సగం కింద ఆగి ఉంది. తన మోకాళ్ళ ఎత్తున అధికారి ముఖం కనిపించింది.

"హమ్మయ్య, మీరా. తొందరగా దించండి."

"దించుతానండి. గడువుకే దిగుతారా, ముందే దిగుతారా?"

"గడువేమిటి?"

"ఈ లిఫ్ట్ సర్వీసింగ్ పదో తారీఖున. ఆ రోజు తలుపులెలాగూ తీస్తాం. ఇవాళంటే ముందస్తు కింద వస్తుంది. ఎందుకు దిగాలనుకుంటున్నారో ఒక ముక్క చెప్పాలి."

"ఇంకెందుకయ్యా, బయటికి రావడానికి."

"అది మేం ఊహించకూడదు కదండీ," అన్నాడు మెకానిక్. ఆ మాటంటూనే స్క్రూడ్రైవర్ తీసి పని మొదలుపెట్టాడు కూడా. అతనికి బెదిరించడం చేతకాదు. కేవలం మాట అప్పజెప్పాడు, అంతే.

ఇంతలో హామీ సంతకం పెట్టడానికి అత్తగారు మెట్లెక్కి వచ్చింది. సందులోంచి కిందికి తొంగిచూసింది.

"ఎవరు అల్లుడూ, ఈ బాబు?"

"మీ మోకాళ్ళకు డబ్బిచ్చిన బ్యాంకు ఆఫీసరు గారు, అత్తయ్యా."

"ఆహా. చూడు బాబూ, మీ డబ్బు వృథా పోలేదు. నాలుగంతస్తులూ ఆగకుండా ఎక్కేశా. మీ లిఫ్టే మూడుకు ఆయాసపడింది."

లిఫ్ట్ చిన్నగా కదిలింది. అధికారి గోడ పట్టుకున్నాడు.

"ఆ ఫైలు ఇలా అందించండి. ఇది ప్రాణాపాయమే."

"అబ్బే, ఏం లేదండీ," అన్నాడు మెకానిక్ నిజాయితీగా. "తాడు గట్టిది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇంకో రెండు నిమిషాలు."

"ఉందా లేదా అన్నది తేల్చాల్సింది అధికారి. ఇవ్వండి."

అత్తగారు బల్ల మీది ఫైలు తెచ్చి, తన సంతకం పెట్టి అందించింది. అధికారి సంతకం పెట్టాడు, స్టాంపు వేశాడు, తేదీ వేశాడు. 'సంతకం చేసిన స్థలం' అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ గడిలోనూ అబద్ధం రాసిన మనిషి కాదు. ఉన్నదున్నట్టు రాశాడు: మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య.

రెండు నిమిషాల్లో లిఫ్ట్ పైకి వచ్చింది. సాయంత్రానికి కాగితం భార్య చేతికి వచ్చింది. ఆమె దాన్ని లైటు కింద పెట్టి చూసి, తిప్పి చూసి, మర్నాటి నుంచి పగటి డ్యూటీకి వెళ్ళింది.

ఎనిమిది రోజులు ఇద్దరూ ఒకే వేళకు నిద్రలేచారు. మొదటి రోజు మంచంలో ఎవరిది ఏ పక్కో ఇద్దరికీ గుర్తు రాలేదు.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. మూడో అంతస్తు ఒక పళ్ళ డాక్టరుది, నాలుగోది బ్యాంకుది, మధ్యలోది ఏ శాఖ పరిధిలోకీ రాదు కాబట్టి సంతకం చెల్లదు. దరఖాస్తు కమిటీకి వెళుతుంది. అదనపు సొమ్ము ఇప్పుడు ఆ దరఖాస్తుకు సాక్ష్యం కాబట్టి కమిటీ తేల్చేదాకా ఎవరూ ముట్టుకోరాదు. అప్పటిదాకా నెల వాయిదాలు యథాప్రకారం కట్టవలెను.

ఆమె నైట్ డ్యూటీ యూనిఫాం మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది.

కుర్చీలు వచ్చాయి. కమిటీ కూర్చుంది. అరవయ్యో వాయిదా కట్టిన మర్నాడు, ముందస్తు విముక్తి మంజూరైందన్న ఉత్తరం వచ్చింది. ముందస్తు రుసుము పోగా మిగిలిన అదనపు సొమ్మును ఇరవై నాలుగు నెలసరి వాయిదాల్లో తిరిగి ఇస్తామని అందులో ఉంది. మలుపు దగ్గర అతను చదివి వినిపించాడు.

"అంతా ఒక్కసారే ఇచ్చెయ్యరటా?" అంది ఆమె.

"అడిగాను. అప్పులు ముందే తీర్చే అలవాటు బ్యాంకుకు లేదట."

"పూచీ ఎవరట?"

"అదీ అడిగా. అప్పు తీసుకునేవాళ్ళకి అక్కర్లేదట."

ఆమె తాళంచెవి తీసుకుని పైకి ఎక్కింది. అతను డబ్బా తీసుకుని కిందికి దిగాడు. (పగటి డ్యూటీలో మళ్ళీ ఖాళీ వస్తే ముందే చెబుతానని సూపర్‌వైజరమ్మ అంది.)