తగినన్ని అప్పులు లేనందున

“ఈ రోజు నుంచి మన రాష్ట్రంలో ఏ ఒక్కరి ఇన్సూరెన్సూ వాళ్ళకు తెలియకుండా పోదు. తెలిసే పోతుంది!”

మా రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ హార్లన్ స్టకీ గారు కోర్టు మెట్ల మీద నిలబడి ఈ మాట అనగానే అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. ఆయన మా ఊరివాడు. ఆయన జుట్టు కత్తిరించేది నేనే. అంతటి మనిషి తల నా చేతుల్లో ఉంటుందంటే నాకు గర్వంగా ఉండదూ?

ఇంతకీ విషయం ఏమిటంటే, ఎవరు ఎంత అప్పు చేశారు, ఎలా తీరుస్తున్నారు అని రాసిపెట్టే కంపెనీలు మా అమెరికాలో ఉన్నాయి. ఆ రాతనే క్రెడిట్ రిపోర్టు అంటారు. ఇన్సూరెన్స్ వాళ్ళు అది చూసి మన ప్రీమియం పెంచినా, పాలసీ పీకేసినా, ‘ఫలానా రిపోర్టు చూసే ఈ పని చేశాం’ అని నోటీసు పంపి తీరాలి. ఆ చట్టం వాషింగ్టన్‌లో ఎప్పుడో చేసిందే. కానీ పాత చట్టాన్ని కొత్తగా ప్రకటించాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఆయన మళ్ళీ నిలబడే ఎన్నికలు నవంబరులో.

మా ఊళ్ళో మొదటి నోటీసు ఓపల్ ఫ్రీసన్ గారికి వచ్చింది. ఆవిడ రిటైరైన టీచరు. ఎనభై దాటాయి. నాకూ, కమిషనర్ గారికీ మూడో తరగతి చెప్పింది ఆవిడే. గోధుమ పొలం పక్కన భర్తతో కలిసి తన చేతులతో కట్టుకున్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కారు కొన్నా, కట్టెలు కొన్నా, చేతిలో డబ్బు ఉంటేనే కొనేది.

కమిషనర్ గారు మెడకు గుడ్డ కట్టించుకుని నా కుర్చీలో కూర్చున్నప్పుడు ఆవిడ నోటీసు పట్టుకుని షాపులోకి వచ్చింది.

“ఒరే హార్లన్, ఇదేమిట్రా? బ్లూ సైలో కంపెనీ వాళ్ళు ఇంక నా ఇంటికి ఇన్సూరెన్స్ ఇవ్వరట!”

“నోటీసు వచ్చిందా టీచర్!” కమిషనర్ గారు సగం కత్తిరించిన తలతో లేచి నిలబడ్డారు. “లైల్, ఫోటో తియ్యి! చట్టం పనిచేస్తోంది!”

తీశాను.

“చట్టం సంగతి సరే, నా ఇంటి సంగతేమిటి? అసలే ఇళ్ళను ఎగరేసుకుపోయే సుడిగాలుల కాలం ముంచుకొస్తోంది.”

“కారణం రాశారా లేదా? అది చెప్పండి.”

“తగినన్ని అప్పులు లేనందున, అని రాశారు.”

“ఆహా! ఎంత స్పష్టంగా రాశారో చూశారా!”

“పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరికీ ఒక్క సెంటు బాకీ పడలేదురా!”

“వాళ్ళూ అదే అంటున్నారు కదండీ.”

రిపోర్టు ఉచితంగా తెప్పించుకుని, తప్పులుంటే సరిచేయించుకునే హక్కు కూడా ఆవిడకు ఉందని కమిషనర్ గారు గుర్తుచేశారు. తెప్పించుకుంది. పేరూ చిరునామా తప్ప అంతా తెల్లకాగితం. నా షాపు ఫోన్లోంచే రిపోర్టు కంపెనీతో మాట్లాడింది.

“ఏం తప్పుందో చెప్పండి మేడమ్, సరిచేస్తాం.”

“ఇందులో ఏమీ లేదు నాయనా.”

“ఏమీ లేకపోతే తప్పు మాత్రం ఎలా ఉంటుంది మేడమ్?”

“మరి నా పాలసీ ఎందుకు తీసేశారు?”

“మేం తియ్యలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళనడగండి.”

ఇన్సూరెన్స్ వాళ్ళు “మేం రిపోర్టు చూశామంతే” అన్నారు. ఇంత మర్యాదగా తిప్పి పంపడం నేనెక్కడా చూడలేదు.

కమిషనర్ గారు గురువుగారి ఋణం ఉంచుకునే మనిషి కాదు. ఆవిడ చేత అప్పు చేయిద్దామన్నారు. బ్యాంకు ముందు పందిరి వేశారు. హైస్కూలు బ్యాండు వాయించింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరం చూస్తుండగా ఓపల్ గారు వాయిదాల మీద ఒక గడ్డి కోసే యంత్రం కొంది. సంతకం పెట్టేముందు ఆవిడ కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. ఆనందమనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మొత్తం తీర్చేసింది!

కమిషనర్ గారు తల పట్టుకున్నారు. “ఎంత పని చేశారు టీచర్! అప్పును ఎవరైనా అలా తీర్చేస్తారా?”

“రాత్రి కంటి మీద కునుకు లేదురా. ఒకళ్ళ సొమ్ము ఇంట్లో పెట్టుకుని ఎలా పడుకోను?”

“మెల్లమెల్లగా అలవాటవుతుంది. మేమంతా పడుకోవడం లేదూ?”

“నీకు నేను నేర్పింది ఇదట్రా?”

నాకే సిగ్గేసింది, పెద్ద హోదాలో ఉన్నవాణ్ణి పట్టుకుని అలా అన్నందుకు.

వేరే ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెడితే రెండో నోటీసు వచ్చింది. ‘ప్రస్తుతం బాకీ ఉన్న అప్పేదీ లేనందున’. కమిషనర్ గారు దాన్ని విలేకరుల ముందు పైకెత్తి చూపించి, ఇంత సమాచారం అందిన పౌరురాలు దేశం మొత్తమ్మీద మరొకరు లేరన్నారు. టీచరుగారు ఆకాశం కేసి చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే సైరన్ మోగింది. సుడిగాలి మా ఊరి చివర ఇలా తాకి అలా వెళ్ళిపోయింది. టీచరుగారు నేలమాళిగలో దాక్కుని ప్రాణాలు దక్కించుకుంది. పైకొచ్చి చూస్తే ఇల్లు లేదు. గోధుమ చేలో ఆవిడ పళ్ళేలు ఏరుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో కెమెరాలతో కమిషనర్ గారు దిగారు. అందరికీ కనబడాలని చెల్లాచెదురుగా పడున్న ఇంటి చెక్కల్లో వెడల్పాటిదాని మీదికెక్కి కాగితాలు తీశారు.

“పాత రోజుల్లో అయితే ఈ తల్లి ఇక్కడ నిలబడి, ‘దేవుడా, నాకు ఇన్సూరెన్స్ ఎందుకు లేకుండా పోయింది?’ అని ఏడ్చేది. ఇవాళ ఆ అవసరం లేదు. ఎందుకో ఆవిడకు తెలుసు! ఒకసారి కాదు, రెండుసార్లు తెలియజేశాం!”

చర్చి ఆడవాళ్ళు టీచరుగారి కోసం తెచ్చిన భోజనం గిన్నెలు నేల మీద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

టీచరుగారు పళ్ళేలు చంకన పెట్టుకుని మెల్లగా దగ్గరికొచ్చి ఆయన కోటు అంచు పట్టుకుని లాగింది.

“హార్లన్, కాస్త కిందికి దిగరా నాయనా. నువ్వు నిలబడింది నా వీధి తలుపు మీద.”

“ఒక్క నిమిషం టీచర్,” అన్నారు కమిషనర్ గారు, పేజీ తిప్పుతూ.