జేబులు మూసి కుట్టిన కోటు

ఇలా రా బంగారం, ఆ ఫోను పక్కన పడేసి నా దగ్గరికి జరుగు. మీ అక్క నాకొక ఇంగ్లీషు మాట నేర్పింది. దాని అర్థం నా నోట వింటేనే నీకు బాగా ఎక్కుతుంది.

మీ తాతయ్య దర్జీ కదా. పక్క కొట్టులో ఇస్త్రీ చేసే ఆయన్ని నేను మడతల మరిది అంటాను. వరసకు ఏమీ కాడు. కానీ సొంత మరుదులు కూడా నన్ను అంత నోరారా వదినా అని పిలవలేదు. తాతయ్య కుట్టిన బట్టను మరిది ఇస్త్రీ చేసి, ఒకసారి దులిపి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" పడకపోతే రాజుగారొచ్చి అడిగినా తాతయ్య బట్ట ఇవ్వరు.

అలాంటిది ఆ ఇద్దరి మధ్య మాటలు పోయాయి. ఎవరిదో తెల్లచొక్కా మీద మరక పడింది. మిషను నూనె అని ఒకరు, కాదు ఇస్త్రీపెట్టె వేడి అని ఇంకొకరు. ఉతికితే మరక పోయింది, పంతం మిగిలింది.

తాతయ్యకు అన్నం సయించలేదు. ముద్ద కలిపి గోడవైపు చూసేవారు. గోడకు అవతల మరిది కొట్టు.

"అమ్మమ్మా, దీన్నే బ్రొమాన్స్ అంటారు," అంది మీ అక్క.

తాతయ్యకు పొలమారింది. "పెళ్ళాం ఎదురుగా ఆ మాటలేంటే!"

"నువ్వనుకునే ప్రేమ కాదు తాతయ్యా. ఒక కడుపున పుట్టని మగాళ్ళిద్దరు అన్నదమ్ముల కంటే ఎక్కువగా అల్లుకుపోతే అలా అంటారు. సొంత తమ్ముడి విషయంలో వాడకూడదు."

"మాటల్లేని వాళ్ళ విషయంలో వాడొచ్చా?" అన్నాను నేను.

"ఆ గోడను చూసే చూపుకి వాడొచ్చు."

తాతయ్య కంచం వదిలి లేచిపోయారు.

మర్నాడు ఒక గారడీవాడి నల్లకోటు కుడుతూ తనలో తాను నవ్వుకుంటున్నారు. చూస్తే ఏముంది, జేబులన్నీ మూసి కుట్టేశారు!

"ఇది వాడికి ఇచ్చిరా. జేబులో చెయ్యి పెట్టి లోపలి గుడ్డ సర్దందే వాడు ఇస్త్రీపెట్టె ఎత్తడు. చెయ్యి దూరదు. తిట్టడానికైనా నా దగ్గరికి రావాలిగా!"

"మీరే వెళ్ళి పలకరిస్తే ఇంత దారం మిగిలేది కదండీ?"

"ముందు నేనా? మిషను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతాను గానీ వాణ్ణి పిలవను!"

కోటు ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా మడతపెట్టి వచ్చింది.

"ఏమన్నాడు?"

"వేడిగా ఉంది, జాగ్రత్త అన్నాడు."

"నాకేనా?"

"మోసింది నేనండీ. నాకే."

తాతయ్య ముఖం ఇంత చిన్నదైపోయింది. కుట్లు విప్పుదామని బ్లేడు వెతుక్కునేలోపే గారడీవాడు ఊడిపడ్డాడు. కోటు లాక్కుని తొడుక్కున్నాడు. బడిలో పిల్లలు తన ఆట కోసం కూర్చున్నారట. వెంట తెచ్చిన పావురాన్ని జేబులో పెట్టబోతే అది దూరలేదు. తుర్రుమని అటకెక్కి కూర్చుంది.

"జేబుల్లేకపోతే నేను ఉత్త మనిషినండీ!" అని వాడు ఏడుపు మొహం పెట్టాడు.

తాతయ్య బ్లేడు పట్టారు. నల్లగుడ్డ మీద నల్లదారం, కుట్టు కంటికి ఆనలేదు. కాస్త పక్కకు పోయిందంటే కోటు చిరుగుతుంది. పంతం ఎటు పోయిందో గానీ, గోడ అదిరేలా అరిచారు. "ఒరేయ్! తొందరగా రారా! నా వల్ల కావట్లేదు!"

మాట పూర్తయ్యేలోపే మరిది గుమ్మంలో ఉన్నాడు. తలుపు వెనకే నిలబడ్డాడని నాకు తెలుసులే. కోటులోంచి ఒక దారం కొస పట్టుకుని సర్రున లాగాడు. జేబు నోరు తెరుచుకుంది. ఇంకోటి లాగాడు, ఇంకోటి తెరుచుకుంది.

"నీ మిషను కుట్టు పొద్దున్నే విప్పేశానురా. ఒక్క లాగుకి ఊడేలా కచ్చాకుట్టు వేశాను. వదినే చెప్పింది, నువ్వు నోరు తెరిచి పిలిచేదాకా నన్ను కదలొద్దని."

తాతయ్య నావైపు తిరిగారు. "నా ఇంట్లో ఉంటూ వాడి జట్టులో చేరావా?"

"మీ ఇద్దరిదీ ఒకే జట్టండీ. బయట మిగిలింది నేనే."

పావురం కోసం మరిది వంగితే తాతయ్య అతని భుజాలెక్కారు.

"కదలకురా!"

"నువ్వు బరువు తగ్గావేంట్రా?" అన్నాడు మరిది.

పక్షిని ఇచ్చి గారడీవాణ్ణి పంపాక, తాతయ్య నా ముఖం చూడకుండా గొణిగారు. "ఇద్దరికీ వడ్డించు."

రేపెవరైనా ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేంటని అడిగితే, ఒకరి భుజాల మీద ఇంకొకరెక్కి అటక మీద తడుముకున్న ఆ ముసలాళ్ళిద్దరినీ గుర్తు తెచ్చుకుని చెప్పు బంగారం. కొంచెం పెంచి చెప్పినా పర్లేదు, తగ్గించి మాత్రం చెప్పకు.