గౌలిపురలో రష్యా పక్షం

పది గంటలకల్లా వేషంతోనే కాలేజీ చేరుకోవాలన్నది ఆ ఉదయం చరిత్ర లెక్చరర్ పురుషోత్తం ఆలోచన. ప్రిన్సిపాల్, విద్యార్థుల ముందు ప్రదర్శన. నాటకం తనే రాశాడు. అందులో తుర్కీ సామ్రాజ్యం కూలిపోయేలా ఉంది. ఖజానా ఖాళీ, సైన్యం నీరసం. చేతిలో మిగిలిన బలమల్లా నల్ల సముద్రం నుంచి ఓడలు బయటపడే ఇరుకు దారే. ఆ దారిని ఎరగా చూపి సుల్తాన్ మంత్రి పెద్ద దేశాలను ఆడిస్తుంటాడు. మంత్రి వేషం పురుషోత్తానిది, రష్యా రాయబారి వేషం తోటి లెక్చరర్ నందినిది.

డాబా మీద నిలబడి గొంతెత్తి వల్లించాడు. "ఈ ఇరుకు దారి మాది! రేపటి నుంచి మూసేస్తున్నాం!"

కింద గల్లీలో బర్రెలను తోలుకొస్తున్న రాజమణి టక్కున ఆగింది. ఆమె కొట్టానికి అదొక్కటే దారి.

పచ్చ షేర్వానీ, ఎర్ర టోపీతో పురుషోత్తం కిందికి దిగేసరికి గల్లీకి అడ్డంగా బర్రెలు, వాటి ముందు రాజమణి, ఆమె భర్త కృష్ణయ్య.

"ఏంది సారూ, మా దారి మూస్తవా?" అంది రాజమణి.

"మీది కాదక్కా! తుర్కీవాళ్లది!"

"గల్లీ తుర్కీవాళ్లకు అమ్మినవా?" కృష్ణయ్య అరిచాడు.

"గల్లీ కాదన్నా, సముద్రం!"

"సముద్రం ఉన్నోళ్లకు మా గల్లీ ఎందుకు?"

లొల్లి విని ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. అంతలో కోటు నిండా పతకాలతో నందిని స్కూటర్ మీద దిగింది.

"నువ్వెవరమ్మా?" అడిగింది రాజమణి.

"రష్యా తరఫున వచ్చిన," అంది నందిని నవ్వుతూ.

"ఇద్దరికి అమ్మిండు!" గల్లీ గొల్లుమంది.

పురుషోత్తం తల పట్టుకున్నాడు. సంగతి గ్రహించిన నందిని నాటకం కథంతా విడమరిచి చెప్పింది. "నేను అడిగేది గూడ అదే అక్కా, దారి తెరిచి పెట్టుమనే."

"గట్లయితే రష్యా మా దిక్కే!" రాజమణి ముఖం వెలిగిపోయింది. కృష్ణయ్య బర్రెలను పక్కకు తోలి, ఇద్దరికీ వేడి పాలు తాగించాడు. రాజమణి మాత్రం ఇంకా సారును నమ్మలేదు. "ఆడ ఏమంటవో నేను సూడాలె," అని స్కూటర్ వెనక ఎక్కేసింది.

కాలేజీ హాల్లో నాటకం మొదలైంది, నందిని గంభీరంగా దారి అడిగింది. మంత్రి కాదనాలి. పురుషోత్తం నోరు తెరిచాడు. మొదటి వరుసలో రాజమణి కొంగు నడుముకు దోపుకుంది.

"తీస్కోండి," అన్నాడు మంత్రి. "బర్రెలు గూడ రావచ్చు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకుంటూ నవ్వి, ఇంత మంచి నాటకం మళ్లీ వేయాల్సిందేనన్నాడు. రాజమణి లేచి నిలబడి ఈల వేసింది.

ఆ నెల పరీక్షలో సగం క్లాసు ఆ సముద్రపు దారిని రష్యాకు రాసిచ్చేసింది.